మెరుపు బాబాయ్ పెట్టిన మైనస్

నెట్ సెంటర్ నడిపే మెరుపు బాబాయ్ చేతిలో టీ గ్లాసు ఉన్నంతసేపూ నోటికి తాళం పడదు. సరిగ్గా మూడింటికి దర్జీ కూతురి నర్సింగ్ పాఠాల వీడియో డౌన్‌లోడ్‌కి పెట్టి, "నాలుగే నిమిషాలు!" అని తండ్రీకూతుళ్ళని పక్కనున్న టీకొట్టుకి లాక్కొచ్చాడు. ఇప్పుడు మూడూ పాతిక. హాస్టల్ బస్సు మూడూ ముప్పావుకి. హాస్టల్లో నెట్ లేదు, రేపు పొద్దున్నే పరీక్ష. దర్జీ టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

"తమ్ముడూ, నాలుగు నిమిషాలన్నావు..."

"నా లెక్క తప్పుతుందా అన్నా? నాలుగువందల ఎనభై మెగాబైట్లు, లైను వేగం సెకనుకి రెండు. భాగించు. రెండు పాయింటు నాలుగు ఇంటూ పది పవర్ రెండు సెకన్లు!"

"రెండు మెగాబిట్లా బాబాయ్, మెగాబైట్లా?" అంది పిల్ల.

"బిట్లేనమ్మా. అయినా బిట్టుకీ బైటుకీ తేడా చూసేది చిన్న మనుషులు!"

పిల్ల, తండ్రి జేబులోంచి కొలతల పుస్తకం తీసి ఏదో గీకింది. "కంగారుపడకు నాన్నా, మూడూ ముప్ఫై రెండుకి వచ్చేస్తుంది," అంది. దర్జీ గోడ గడియారం మీంచి చూపు తిప్పలేదు.

"ఇదేం లెక్క! ఒకసారి నక్షత్రాల ఫోటోలు తీసే ఆఫీసువాళ్ళు కారేసుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. వాళ్ళ ఫైలు దిగాలంటే ఎంతసేపో తెలుసా? మూడు ఇంటూ పది పవర్ ఎనిమిది సెకన్లు! అంటే తొమ్మిదిన్నరేళ్ళు! పెద్దాఫీసరు నా భుజం మీద పడి ఒకటే ఏడుపు, 'ఈలోపు నేను రిటైరైపోతానయ్యా' అని. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు టీకొట్టాయన, గిన్నె పొంగుతున్నా చూసుకోకుండా.

"కాగితం ఇలా లాక్కుని, ఆ ఎనిమిది ముందు చిన్న మైనస్ పెట్టా. అంతే! మూడు ఇంటూ పది పవర్ మైనస్ ఎనిమిది! బటన్ నొక్కకముందే ఫైలు దిగిపోయింది. ఆ ఊపు ఆగక, ఇంకా తీయని ఫోటోలు కూడా వచ్చి కూర్చున్నాయి. వచ్చే ఏడాదివి! ఆఫీసరు నా చెయ్యి పట్టుకుని, 'ఇక మేం ఆకాశం చూడక్కర్లేదు, మిమ్మల్ని చూస్తే చాలు' అన్నాడు!"

సెంటర్‌లో కంప్యూటరు టంగుమని మోగింది. గడియారం మూడూ ముప్ఫై రెండు చూపిస్తోంది. పిల్ల ఒక్క పరుగున వెళ్ళి పెన్‌డ్రైవ్ తెచ్చుకుంది. దర్జీకి ప్రాణం లేచొచ్చింది.

"చూశారా నా లెక్క!" మెరుపు బాబాయ్ మీసం దువ్వాడు.

పిల్ల కొలతల పుస్తకం అతని ముందు పెట్టింది. నడుము కొలత కింద రాసుంది: 1.92 × 10³ సెకన్లు.

"బైటుకి ఎనిమిది బిట్లు బాబాయ్. అందుకే నీ నాలుగు నిమిషాలు ముప్ఫై రెండయ్యాయి." సంచీ భుజాన వేసుకుని బస్సు వైపు నడుస్తూ వెనక్కి తిరిగింది. "అవునూ, ఆ మైనస్ ఇవాళ ఇంట్లో మర్చిపోయి వచ్చావా?"