రెండో వరస

ఆగస్టు నెల, మధ్యాహ్నం మూడు గంటలు. ఒంటారియోలో ఆర్డ్‌వాన్ ఊరి ఆటల మైదానం వెనక, కార్లు నిలిపే గడ్డి చేలో అక్కా తమ్ముడూ.

"అందుకే అడుగుతున్నా. ఫారంలో ఏం రాశావు?"

"ఏ ఫారం?"

"పోటీకి పేరిచ్చేటప్పుడు నింపేది. గతంలో ఎక్కడ బ్యాగ్‌పైపులు వాయించారు, ఏ తరగతిలో వాయించారు అని ఉంటుంది కదా."

"ఖాళీగా వదిలేశా."

"ఖాళీగానా?"

"గీత కూడా పెట్టలేదు. కాస్త జరుగు లాక్లన్, పెట్టె కారులో పెట్టాలి."

"ఇలా ఇవ్వు, నేను పెడతా."

"అక్కర్లేదు. ఇన్నేళ్లూ ఎవరు పెట్టారు?"

"ఎఫీ అక్కా, నువ్వు ఒకప్పుడు మొదటి తరగతిలో వాయించినదానివి. కొత్తగా నేర్చుకునేవాళ్ల నాలుగో తరగతిలో పేరివ్వడం ఏమిటి? నీకు మొదటిదొచ్చి, తనకి రెండో బహుమతి వచ్చిన పళ్ల డాక్టరు నన్ను పట్టుకుని వదలదే. మూడేళ్లుగా నేర్చుకుంటున్నానండీ, ఆ ముసలావిడ వేళ్లు చూస్తే మూడేళ్ల వేళ్లలా లేవు, ఎవరావిడ, ఎక్కణ్ణుంచి వచ్చింది అని."

"మా అక్క అని చెప్పకపోయావా?"

"కనుక్కుంటానన్నా."

"కనుక్కున్నావుగా. నలభై అయిదేళ్ల కింద వాయించిన మనిషి ఎవరికి గుర్తుందని? పోటీల సంఘం వాళ్ల దగ్గర అప్పటి కాగితాలే లేవట. అడిగా. పేరుందా అంటే లేదన్నారు. లేకపోతే మంచిదే, కింది మెట్టు మీద కూచుంటానన్నా."

"నియమం అంటూ ఒకటుంటుంది కదా."

"ఉంటుంది. పోటీల జడ్జివి, నీకు తెలియాలి."

"నిష్టూరం ఆడకు."

"నిష్టూరం కాదు, ఎండ. ఈ ఉన్ని పావడా కట్టుకుని పొద్దున్నుంచి నిలబడ్డా. ఫ్లాస్కులో టీ ఉంది, తాగుతావా? చల్లారిపోయి ఉంటుంది."

"బావ పోయినప్పుడు ఉత్తరం రాశాను. అందిందా?"

"అందింది."

"జవాబు రాలేదు."

"రాయలేదు గనక రాలేదు. టీ కావాలా వద్దా?"

"కాస్త పొయ్యి. ఇంత తొందరగా ఎక్కడికి బయల్దేరావు? ఇంకాసేపట్లో బ్యాండ్లన్నీ కలిసి మైదానం మీదికొస్తాయి. చూసి వెళ్లు."

"నాన్న దగ్గరికి. నాలుగున్నరకి శ్మశానం గేటు వేసేస్తారట, పొద్దున ఆగి అడిగా. రేపు పొద్దున్నే కాల్గరీ విమానం."

"ఇప్పటిదాకా ఎప్పుడూ వెళ్లలేదు నువ్వు."

"ఏ మొహం పెట్టుకుని వెళ్లను? ఇవాళ షీటు ఉంది చేతిలో. అందుకని వెళ్తున్నా."

"ఏ షీటు?"

"జడ్జి రాసిచ్చిన షీటు. నాన్న రాతి దగ్గర పెట్టి వస్తా. దానికే అయిదేళ్లుగా డబ్బు పెట్టి, ఊరూరా తిరిగి, నా మోకాలంత లేని పిల్లల మధ్య నిలబడి వాయించా. ఇవాళ మూడో బహుమతి ఎవరికో చూశావా? పన్నెండేళ్ల పిల్ల. 'బామ్మా, మీ పైపులో రీడ్ తడిసిపోయింది, మార్చుకోండి' అని నాకు సలహా చెప్పింది. చెప్పినట్టే మార్చుకున్నా. కరెక్టే చెప్పింది."

"నేను విన్నా, నువ్వు వాయించింది."

"నువ్వు మార్చ్ పాటల పోటీ దగ్గర కదా జడ్జివి?"

"మధ్యలో విరామం ఇచ్చారు. కంచె అవతల నిలబడి విన్నా. 'రేవు శోకం' వాయించావు."

"నాలుగో తరగతిలో పాట మొత్తం అక్కర్లేదు. మొదటి భాగం, నేల వరకు వాయిస్తే చాలు. మూడు వరసలు. నాకు కావలసిందీ అంతే."

"రెండో వరస పుస్తకంలో ఉన్నట్టు వాయించావు."

"అవును."

"నాన్న నోటితో నేర్పిన పాఠం వాయించలేదు."

"లేదు."

"మంచి పనే చేశావు. ఈ కుర్ర జడ్జీలకి పుస్తకం దాటితే చెవులు మూసుకుపోతాయి. నేనైనా అదే చెప్పేవాణ్ణి. కాకపోతే... అక్కా, నాన్న పైపులు తెచ్చాను. నా కారులో ఉన్నాయి."

"ఎందుకు?"

"నీకిద్దామని. సంచి కొత్తది వేయించా. దంతం కట్లు తుడిపించా. రీడ్లు నేనే చూసుకుని పెట్టా."

"నీకిచ్చాడు కదా. ఉంచుకో."

"నేనిక వాయించను. జడ్జి పని కూడా ఇవాళ్టితో సరి. చెవులు పోతున్నాయి. ఎడమది పోయింది, కుడిది సగం. యాభై ఏళ్లు ఆ శ్రుతి గొట్టాలు భుజం మీద పెట్టుకుని మోగిస్తే ఏమవుతుందంది డాక్టరు. పై స్వరాలు ముందు పోతాయట. వచ్చే వేసవికి ఏం మిగులుతుందో చెప్పలేనంది."

"పొద్దున నువ్వు తల వంచి వింటుంటే చూశా. నాన్నలాగే అనుకున్నా."

"నాన్న కావాలని వంచేవాడు. నేను వినపడక."

"చెవికి మిషను పెట్టుకో."

"పెట్టుకున్నా. మాటలకి పనికొస్తుంది, పైపులకి పనికిరాదు. గీ మని రేకు చప్పుడు. అందుకే నిన్నొకటి అడగాలని వచ్చా. పైపులు నీవే, నేనేం బేరం పెట్టడం లేదు. కానీ ఒక్కసారి ఆ రెండో వరస నాన్న పాఠంలో వాయించు. నేను విని వెళ్లిపోతా."

"గేటు నాలుగున్నరకి వేసేస్తారు."

"ఒక్క వరస. అర నిమిషం పట్టదు."

"ఎండలో పైపులు బయటికి తియ్యను."

"సాధన గొట్టం మీద వాయించు. పోనీ నోటితో పాడు. పాలు పితుకుతూ నాన్న నీకు పాడి చెప్పేవాడు కదా, హిన్ హో ద్రో అంటూ. నేను కొట్టం బయట నిలబడేవాణ్ణి. ఆవులు కదిలితే వినపడేది కాదు. నాకూ చెప్పు నాన్నా అని ఒకే ఒక్కసారి అడిగా. నీకు పుస్తకం చాలులేరా అన్నాడు."

"టీ తాగావా? కప్పు ఇటివ్వు."

"రాసి పెట్టమంటే రాసేవాడు కాదు. రాస్తే చచ్చిపోతుంది అనేవాడు. ఆయన పోయాక అది నీ దగ్గర తప్ప భూమ్మీద ఇంకెవరి దగ్గరా లేదు. ఎన్నిసార్లు కూచుని కట్టుకుందామని చూశానో. మొదటి నాలుగు స్వరాలు దాటి రాదు. దాచుకుంటే నీకేం వస్తుంది?"

"దాచుకోవడమా?"

"మరి ఏమనాలి?"

"లాక్లన్, నలభై అయిదేళ్ల కింద ఆ ఆఖరి పోటీలో జడ్జి నా షీటు మీద ఏం రాశాడో గుర్తుందా?"

"ఉంది."

"చెప్పు."

"రెండో వరస తప్పు. బహుమతికి పరిగణించలేదు."

"నాన్న ఆసుపత్రి మంచం మీంచి చీటీ రాసిచ్చాడు, జడ్జికి ముందే చూపించమని. జడ్జి చీటీ చూశాడు. చూసి కూడా తప్పు అన్నాడు. దానర్థం ఏమిటి? పాఠం వేరైనందుకు తప్పనలేదు. నాన్న చెప్పిన పాఠాన్నే నేను పాడుచేశాను. తాతల నాటి నుంచి ఒకరి నోట్లోంచి ఒకరి నోట్లోకి వచ్చినదాన్ని తీసుకెళ్లి ఆ మైదానంలో పారేశా. అందుకే ఆసుపత్రికి వెళ్లలేకపోయా. ఆయన 'ఎలా వాయించావే' అని అడిగితే ఏం చెప్పను?"

"నువ్వు జడ్జి మీద కోపంతో వెళ్లిపోయావనుకున్నా."

"జడ్జి మీద నాకేం కోపం? బుద్ధిమంతుడు, ఉన్నది రాశాడు."

"అక్కా, కూర్చో."

"ఎందుకు కూర్చోవాలి?"

"కూర్చో. ఆ చీటీ జడ్జికి అందలేదు."

"నీ చేతికిచ్చాను. పైపులు భుజం మీదున్నాయి, శ్రుతి కలుస్తోంది, వదిలితే పోతుంది, ఇది బల్ల మీద ఇచ్చిరా అన్నాను. నువ్వు బల్ల దాకా నడవడం చూశాను."

"బల్ల దాకా నడిచా. జడ్జి తల వంచుకుని అంతకుముందు వాడికి మార్కులు వేస్తున్నాడు. కాసేపు నిలబడ్డా. తరవాత వెనక్కొచ్చా. నడుముకి కట్టుకునే తోలు సంచి ఉంటుంది కదా, అందులో పెట్టుకున్నా."

"మర్చిపోయావు."

"మర్చిపోలేదు."

"మర్చిపోయి ఉంటావు. ఇరవయ్యొక్కేళ్లు నీకు, కంగారు."

"మర్చిపోలేదక్కా. ఆ రోజు మొదటి బహుమతి నాకొచ్చింది. చీటీ ఇదుగో."

"అద్దాలు కారులో ఉన్నాయి. నువ్వు చదువు."

"'అయ్యా, నా కూతురు యూఫీమియా రెండో వరసను మా తాతగారి పాఠంలో వాయిస్తుంది. పుస్తకంలో అలా ఉండదు. అది తప్పు కాదు.' కింద సంతకం."

"మళ్లీ చదువు."

"అక్కా."

"చివరి మాట చదువు."

"'అది తప్పు కాదు.'"

"ఇన్నేళ్లూ ఎక్కడ పెట్టావు దీన్ని?"

"నాన్న పైపుల పెట్టెలో. పట్టుగుడ్డ అడుగున."

"తియ్యాలనీ అనిపించలేదు, పారెయ్యాలనీ అనిపించలేదు."

"రెండూ అనిపించాయి."

"నాన్నకేం చెప్పావు?"

"చీటీ చదివారా అని అడిగాడు. చదివారన్నా."

"ఏమన్నాడు?"

"గోడవైపు తిరిగి పడుకున్నాడు. అయితే మర్చిపోయిందన్నమాట, రమ్మను, మళ్లీ చెబుతా అన్నాడు."

"ఎప్పుడన్నాడు?"

"సోమవారం పొద్దున."

"సోమవారం నేను విన్నిపెగ్‌లో బస్సు మారుతున్నా."

"నువ్వెక్కడున్నావో నాకెలా తెలుస్తుంది?"

"తెలుసు. శనివారం సాయంత్రం బస్సు దాకా నన్ను దింపింది నువ్వే. కాల్గరీలో చిన్నమ్మ కూతురి ఇంటి అడ్రసు నీ చేత్తోనే పెట్టె మీద రాశావు. ఒక్క టెలిగ్రాం ఇస్తే మంగళవారానికి వెనక్కి తిరిగేదాన్ని. ఆయన బుధవారం కదా పోయింది?"

"బుధవారం సాయంత్రం."

"రమ్మన్నాడు. మళ్లీ చెబుతానన్నాడు."

"తిట్టు. కొట్టు. నిలబడి పడతా. సంఘానికి రాసిస్తాను, ఆ పతకం వెనక్కిస్తాను, ఎవరి ముందు చెప్పమంటే వాళ్ల ముందు చెబుతాను. ఏది చెప్పినా చేస్తా. కానీ ఆ వరస మాత్రం ఒక్కసారి... నా చెవి ఉండగా ఒక్కసారి."

"నీ చెవి ఉండగా."

"అవును."

"ఆ సాధన గొట్టం అందుకో. పెట్టె పక్క అరలో ఉంది. బ్యాండ్లు మొదలవకముందే వాయిస్తా. కుడి చెవి కదా బాగున్నది? ఇటు వచ్చి కూర్చో. దగ్గరికి రా. విను."

"వినపడుతోంది. కానివ్వు."

"విన్నావా?"

"ఇది పుస్తకంలోది, అక్కా."

"అవును."

"నాన్నది వాయించు."

"కాల్గరీలో దిగిన వారానికే పుస్తకం కొన్నా. తప్పు చేశాను కదా, దిద్దుకోవాలని. ఆసుపత్రి బట్టలుతికే చోట పని, ఇంటికొచ్చేసరికి ఆరయ్యేది. వంటింట్లో కూర్చుని రోజూ ఆ రెండో వరసే. మొదట్లో వేళ్లు పాతదానివైపే వెళ్లేవి. వెళ్లినప్పుడల్లా ఆపి, మొదటికొచ్చి, మళ్లీ పుస్తకం. ఒక్కో సాయంత్రం యాభైసార్లు. మా ఆయన అనేవాడు, మిగతా పాటంతా ఏమైందే, ఆ ఒక్క ముక్కే ఎందుకలా రుద్దుతావని. పద్నాలుగేళ్లు పట్టింది, నాన్నది వేళ్లలోంచి పోవడానికి. నోట్లోంచి పోవడానికి ఇంకా ఎక్కువే పట్టింది. గిన్నెలు కడుగుతుంటే వచ్చేది. తప్పు, తప్పు అని నోరు మూసుకునేదాన్ని. ఒక రోజు ఇక రాలేదు. ఆ రోజు ఎంత సంతోషించానో తెలుసా? కేకు చేశాను."

"వేళ్లు మర్చిపోవక్కా. ఎక్కడో ఉంటుంది. ఇంకోసారి చూడు. మొదటి నాలుగు స్వరాలు నేనందిస్తా, హిన్, హో..."

"ఊరుకో."

"నాలుగు అందితే అయిదోది అదే..."

"ఊరుకో, లాక్లన్. లేదు. చూసే చెబుతున్నా, లేదు."

"అయితే ఇక ఎక్కడా లేదన్నమాట."

"ఇదుగో, షీటు. ఇది నాన్నకి చూపిద్దామనే కదా వచ్చా. పైకి చదువు. రెండో వరస గురించి రాసింది."

"నేను చదవలేను."

"చీటీ చదివావు కదా. ఇదీ చదువు."

"'రెండో వరస నిర్దోషం. అచ్చంగా పుస్తకంలో ఉన్నట్టే. మంచి గురువు చేతిలో పడ్డారు.'"

"తీసుకెళ్లి నాన్న దగ్గర నువ్వే పెట్టు. ఆ గురువువి నువ్వేరా."