పేతురు అత్తగారి జ్వరం

హిందీ మాట్లాడే ఊళ్లో, భుయ్యాడీహ్ బస్తీలో పాస్టర్ అభిలాష్ అద్దె ఇల్లు. అమ్మానాన్నల మాట కాదని దేవి అతన్ని చేసుకున్నాక, ఆమె తల్లి నూకమ్మ ఈ గుమ్మం తొక్కడం ఇదే మొదటిసారి. దేవి ఇంకా డ్యూటీ నుంచి రాలేదు.

"వచ్చేస్తుందత్తా. ఇంకో పావుగంట, అంతే. టీ పెట్టనా?"

"ఒద్దు."

"పోనీ ఫ్యాన్..."

"ఒద్దన్నాను కదా. నీ పని నువ్వు సూసుకో. ఏటది, అంత లావు పుస్తకం?"

"ఆదివారం ప్రసంగానికి. ఎప్పుడో వెయ్యేళ్ల కిందట ఓ సన్యాసి సువార్తకి రాసిన వ్యాఖ్యానం."

"వెయ్యేళ్లా! ఇప్పుడోళ్లు రాయలేదేటి?"

"రాశారు, అవీ చదివాను. యేసు శిష్యుడు పేతురని ఉన్నాడు. ఆయన అత్తగారికి జ్వరం..."

"సన్నాసోళ్లకి అత్తలేటి?"

"అరే నహీ! పేతురు సన్యాసి కాదు, చేపలు పట్టేవాడు. యేసు వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని లేపాడు. జ్వరం పోయింది. లేచి అందరికీ వడ్డించింది."

"అదేటి! లెగిసిందో లేదో వంటలోకి తోసీసినారా? ఆ ఇంట్లో ఇంకెవుళ్లూ లేరేటి?"

"సహీ బాత్! ఇప్పటి పండితులూ అదే అడుగుతున్నారు."

"అడగరా మరి! మలేరియా తగ్గినాక కూడా నాకు గోడట్టుకునే నడక."

"ఈ సన్యాసి పట్టుకున్నదీ అదే. జ్వరం పోయినా నీరసం ఉంటుంది కదా, ఈవిడకి అదీ లేదు, అంటే పూర్తిగా బాగైంది అంటాడు."

"ఊఁ. జొరం పడ్డోడే, పాపం."

"ఇంకోటి కూడా అన్నాడు. కాలేజీలో మా సార్ నవ్వేసేవారు, మూలంలో లేనిది అంటగట్టాడని. నాకు మాత్రం..."

"ఏటన్నాడు?"

"వదిలెయ్యండత్తా."

"సెప్పు."

"ఆ జ్వరం... కోపమట. మనందరికీ ఉండేదేనట. ఒళ్లంతా కోపంతో కాలిపోతుంటే ఎవరికైనా ముద్ద ఎలా పెడతాం? అదీ నాకు తోచింది."

"నన్నే అంటన్నావేటి?"

"ఛ ఛ! మీరొస్తారని నాకేం తెలుసు? నిన్ననే రాసుకున్నాను."

"సర్లే. ఆ పేతురు మావగారి మాటేటి?"

"ఆయన గురించి ఏమీ లేదు."

"ఇప్పుడోళ్లూ రాయలేదా? ఈ సన్నాసి కూడానా?"

"ఎవరూ రాయలేదత్తా."

"మీ మావ రోడ్డు మీద ఆటోలో కూకున్నాడు. నాను పిలిత్తే రానన్నాడు. నువ్వెల్లు, బాబూ."