లోపల మిగిలిన ఒక్కరు

లాప్‌టాప్ ముందు కూతురు తల పట్టుకుని కూర్చుంది. అది చూసి తల్లి గబగబా దగ్గరికొచ్చింది.

"ఏమైందే? మొహం అలా పాలిపోయిందేం?"

"మా కంపెనీ సాఫ్ట్‌వేర్ వాడే ఆసుపత్రిలో డాక్టర్లు, నర్సులు ఎవరూ అందులోకి లాగిన్ కాలేకపోతున్నారమ్మా. ఎవరికి ఏ మందివ్వాలో అంతా అందులోనే ఉంది."

"నీ వల్లేనా?"

"పాస్‌వర్డ్ చూసి మనిషిని గుర్తుపట్టే భాగం ఒకటుంటుంది. పాతది తీసేసి కొత్తది పెట్టాను. దాన్ని రిజిస్టర్ చెయ్యడం మర్చిపోయాను."

"పాత వాచ్‌మన్‌ని పంపించేసి, కొత్తవాణ్ణి పనిలో చేర్చుకోలేదన్నమాట."

"అంతే. ఇప్పుడు తలుపు తీసే దిక్కే లేదు."

"నువ్వెళ్ళి చేర్చు మరి."

"నేనూ ఆ తలుపులోంచే వెళ్ళాలిగా."

"కూర్చున్న కొమ్మే నరుక్కున్నావా తల్లీ. లోపల ఒక్కరూ లేరా?"

"మా మేనేజర్ ఉన్నారు. నేనిది మార్చకముందే, పొద్దున్నే లాగిన్ అయ్యారు. ఆయన సరిచెయ్యగలరు. లాగౌట్ అయ్యారంటే ఆ దారీ పోయినట్టే."

"చెప్పవేం మరి?"

"ఇంకొక్క తప్పు చేస్తే ఇంటికి పంపిస్తానన్నారుగా."

ఆ ఉద్యోగం ఎక్కడ ఊడుతుందోనని తల్లి మొక్కని దేవుడు లేడు. ఫోన్ తీసి కూతురి చేతిలో పెట్టింది.

"పోతే పోయింది. ఎవరి బిడ్డకో ఒక మందు బదులు ఇంకో మందు ఎక్కిస్తే? ఫోన్ చెయ్యి."

"భయమేస్తోందమ్మా."

"నాకూ భయమే. చెయ్యవే."

ఫోన్ చాలాసేపు మోగింది.

"సార్, దయచేసి లాగౌట్ అవకండి. తప్పు నాదే. మీరింకా లోపలే ఉన్నారా?"

"ఉన్నాడా? చెప్పి చావవే."

"ఉన్నారమ్మా. ఏం చెయ్యాలో చెప్పమంటున్నారు."

"చెప్పు మరి. ఏడుపుదేముంది, తర్వాత ఇద్దరం కలిసి ఏడుద్దాం."