స్పేరు పలక

రేడియోల్లో పెట్టే క్వార్ట్జ్ పలకల్ని చేత్తో అరగదీసే కార్ఖానా. మధ్యాహ్నం. అరగదీసేది వదిన, సరిచూసేది ఆడపడుచు.

"వదినా, దీనిమీద పెన్సిల్ రుద్దావా?"

"పెన్సిలా? నాకెందుకమ్మా పెన్సిలు?"

"మీటరులో పెట్టగానే ముల్లు సరిగ్గానే చూపించింది. మొహం కడుక్కుని వచ్చేసరికి పైకి పాకింది. గుడ్డతో తుడిస్తే నల్లగా అంటింది, చూడు."

"మసి అయ్యుంటుంది."

"వదినా!"

"అబ్బ, అరవకు. రుద్దాను. ఎక్కువ అరిగిపోయి ముల్లు పైకెక్కింది. అరిగిన రాయి మళ్ళీ పెరుగుతుందా? పెన్సిల్ రుద్దితే ముల్లు దిగుతుంది. అందరూ చేసేదేగా."

"అందరూ చేస్తారు, నువ్వు చెయ్యవు. కాసేపు వాడితే ఆ పొడి రాలిపోతుందని నీకు తెలీదూ?"

"వరసగా రెండు షిఫ్టులు చేస్తే నీ చేతులు మాత్రం వణకవా?"

"ఇది అన్నయ్య ఓడ కోసం చేసిన స్పేరు. తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ రుద్దావా! పాత రేడియోలు ఒక స్టేషన్ మీద నిలబడక ప్రాణాలు తీసేవని, ఈ రాయి వచ్చాకే ఓడలు ఊపిరి పీల్చుకున్నాయని నువ్వే కదా చెప్పేదానివి?"

"చెప్పాను. చెప్పీచెప్పీ విసుగొచ్చింది."

"మరి అన్నయ్య ఓడ రేడియోలో పెట్టిన మొదటి పలక? అది బాగానే ఉందిగా? నిజం చెప్పు."

"అదీ ఇంతే."

"అయ్యో వదినా! దాన్ని సరిచూసి పంపింది నేనే!"

"రేడియో పనిచెయ్యకపోతే ఓడని రేవు దాటనివ్వరు. గంటసేపు వాడి చూస్తారు, తప్పు బయటపడుతుంది, ఓడ ఆగుతుంది. మీ అన్నయ్య ఇంటికొచ్చి కడుపునిండా తిని పడుకుంటాడు. మనిషి సగమైపోయాడు, చూశావా? సెలవడిగితే ఇవ్వరు. నేను వెళ్ళొద్దంటే నవ్వేసి ఊరుకుంటాడు. ఇద్దరం అలిసిపోయామే. నాలుగురోజులు ఇంట్లో ఉంటాడనుకున్నా, అంతే."

"గంటసేపు చూడటం ఎప్పుడో మానేశారు. పెట్టగానే పనిచేసిందా, సంతకం పెట్టి పంపేస్తారు."

"అయితే... అయితే ఈ స్పేరు ఇవ్వకు. ఇది చేతికందేదాకా ఆగుతారుగా? పరుగున వెళ్ళి మీ అన్నయ్యతో చెప్పు."

"పొద్దున వచ్చాడు వదినా. నువ్వు ఆ గోడకానుకుని కునుకు తీస్తున్నావు. లేపుతానంటే, పాపం పడుకోనీ అన్నాడు. స్పేరు ఇంకా అవ్వలేదని చెప్పాను."

"ఏమన్నాడు?"

"మా ఆవిడ చేసిన పలక ఉండగా స్పేరెందుకన్నాడు. ఓడ వెళ్ళిపోయింది."