కుంచె మొన

పింగాణీ పళ్లేల అంచులకు నీలిరంగు గీతలు వేస్తూ అత్తాకోడళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు.

“ఏంటమ్మాయ్, గీత ఇంత లావుగా వచ్చింది? కుంచెను పెదాలతో నొక్కి మొన చేసుకోమని నేర్పానుగా?”

“ఇక నోట్లో పెట్టనత్తయ్యా. తడిగుడ్డ మీద తిప్పుకుంటాను.”

“ముప్పై ఏళ్లుగా పెదాలతోనే చేస్తున్నాను. నాకేమైందట?”

“ఈ రంగులో సీసం ఉంది. కడుపుతో ఉన్నవాళ్ల ఒంట్లోకి వెళ్తే బిడ్డకీ చేరుతుందట. మెదడు సరిగ్గా ఎదగకపోవచ్చని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.”

“కడుపుతో ఉన్నవాళ్లకి కదా, మధ్యలో నీకెందుకు... ఉండుండు. ఎన్నో నెల?”

“రెండో నెల. మీ అబ్బాయికి కూడా ఇంకా చెప్పలేదు.”

“అంత తీరిగ్గా చెప్తావేం! లే ముందు. చేతులు శుభ్రంగా కడుక్కుని కొట్లో కూర్చో. పురుడయ్యేదాకా ఈ గది గుమ్మం తొక్కావంటే ఊరుకోను.”

“మరి రేపు ఇవ్వాల్సిన నలభై పళ్లేలు?”

“నేను లేనూ? వెళ్తూ వెళ్తూ ఆ తడిగుడ్డ ఇటు పడేయ్.”

“మీకెందుకత్తయ్యా, మీకేం కాలేదన్నారుగా?”

“రేపు ఆ బిడ్డను ముద్దు పెట్టుకోవాల్సింది ఈ నోటితోనే కదే!”