నీళ్ళ వాలు

బాత్‌రూములో సుత్తి, ఉలితో కోడలు. గుమ్మం బయట కుర్చీలో, కాలికి సిమెంటు కట్టుతో మామగారు.

"ఆ టైలు కూడా పీకేస్తావా?"

"మొత్తం పీకేస్తాను మామయ్యా. సగం ఉంచి సగం తీస్తే అతుకు దగ్గర మళ్ళీ ఎత్తుపల్లాలొస్తాయి."

"గోడవార ఉన్నవి బాగానే ఉన్నాయి కదమ్మా. ఎంత గట్టిగా పట్టుకున్నాయో చూడు, సుత్తి దెబ్బకి కూడా ఊడట్లేదు."

"అదే కదా నా ఏడుపు. టైల్స్ అతికించడం బాగానే అతికించాను. నీళ్ళు పోయే వాలే కుదర్లేదు. మీరు హాల్లో కూర్చోకూడదూ? దుమ్మంతా మీ మీదికే వస్తోంది."

"నాకిక్కడే బాగుంది."

"నిన్నా ఇలాగే అన్నారు. తర్వాత ఒకటే దగ్గు."

"దగ్గు దుమ్ముకి కాదులే. ఆ కర్ర ఇలా ఇవ్వు, రుద్దుతాను. ఊరికే కూర్చుంటే కాలు లాగేస్తోంది."

"ఇదిగో, గరుకు కాగితం. ఈ కర్ర మీ గది నుంచి ఇక్కడిదాకా గోడకి బిగిస్తాను. కట్టు విప్పాక పట్టుకుని నడవడానికి."

"నాకోసం ఇంత మంచి చెక్క ఎందుకమ్మా... చారల వెంబడే రుద్దాలి. నువ్వు అడ్డంగా రుద్దినట్టున్నావు, ఇక్కడంతా గీతలు."

"అడ్డంగానే రుద్దాను. నేను ముట్టుకున్నదల్లా ఇంతే."

"అలా అని కాదు..."

"కాదేంటి మామయ్యా, ఉన్నమాటే."

"పోనీలే. ముందు గరుకుది, తర్వాత సన్నది పడితే గీతలు పోతాయి. వార్నిష్ చివర్లకి కూడా పట్టించు. అందరూ చివర్లు వదిలేస్తారు, తడి లోపలికి పోయేది అక్కడినుంచే."

"సరే."

"బిగించే ముందు గోడలో నీళ్ళ గొట్టం ఎటు పోతోందో చూసుకో. కుళాయికి సూటిగా పైనా కిందా బెజ్జం పెట్టకు."

"సరే."

"అన్నిటికీ సరే అంటావేం? ఇదివరకు ఒక మాట చెబితే పది ప్రశ్నలు వేసేదానివి."

"ఇదివరకు నాకన్నీ వచ్చనుకునేదాన్ని. మామయ్యా, ఆస్పత్రిలో వదినకి ఏం చెప్పారు?"

"ఎప్పుడు?"

"ఎలా పడ్డావు నాన్నా అని అడిగింది కదా, అప్పుడు."

"కళ్ళు తిరిగాయన్నాను."

"తిరిగాయా?"

"తిరిగే ఉంటాయి."

"మామయ్యా."

"ఈ వయసులో కళ్ళు తిరక్క ఏం చేస్తాయమ్మా? ఆ సుత్తి కాసేపు పక్కన పెట్టు. చెవులు గింగుర్లెత్తుతున్నాయి."

"మీ కేక విని పరిగెత్తుకొచ్చి తలుపు తోశాను. మీరు నీళ్ళలో పడి ఉన్నారు. పాదం మునిగేటన్ని నీళ్ళు. నా కాలే జారబోయింది. అది నేను వేసిన గచ్చు. నేను పెట్టిన వాలు. మీరేమో వచ్చినవాళ్ళందరికీ కళ్ళు తిరిగాయని చెబుతున్నారు. చెప్పినప్పుడల్లా నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదు. నన్ను కాపాడ్డానికే చెబుతున్నారని నాకు తెలియదా?"

"నిన్ను కాపాడ్డానికా?"

"మరెవర్ని?"

"ఈ కాగితం అరిగిపోయింది. ఇంకోటుందా?"

"ఆ డబ్బాలో ఉంది. మీ అబ్బాయి కూడా ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. కంచంలోకి చూసుకుంటూ తింటారు, చెయ్యి కడుక్కుని లేచిపోతారు."

"వాడు పుట్టినప్పటినుంచీ కంచంలోకే చూస్తాడు. దానికి నువ్వు అర్థాలు తియ్యకు."

"ఒక్కటే నాకు అంతుపట్టట్లేదు. టైల్స్ పరిచిన రోజు రసమట్టం పెట్టి చూశాను. గాలిబుడగ నీళ్ళు పోయే జాలీ మూలకి అవతలివైపుకే జరిగింది, అంటే వాలు సరిగ్గా ఉన్నట్టేగా. బకెట్టు నీళ్ళు కుమ్మరించాను, చుక్క నిలవలేదు. చివరికి పాప గోళీ తెచ్చి ప్రతి మూలనుంచీ వదిలాను. ఎక్కడ వదిలినా దొర్లుకుంటూ జాలీ దగ్గరికే పోయింది. మీరూ ఉన్నారు కదా?"

"ఉన్నాను."

"మీరే మళ్ళీ మళ్ళీ వదిలారు గోళీని."

"వదిలాను."

"తర్వాత జాలీ ఎత్తి చూస్తే లోపల ఏదీ అడ్డం లేదు. మరి అన్ని నీళ్ళు ఎలా నిలిచాయి?"

"నీళ్ళన్నాక..."

"నీళ్ళన్నాక?"

"ఒకరోజు కాకపోతే ఒకరోజు నిలుస్తాయి."

"అలా నిలవవు మామయ్యా. కింద సిమెంటు కుంగి ఉంటుంది. ఆత్రం కదా నాకు. కింది పొర పూర్తిగా ఆరకముందే టైల్స్ వేసేశాను. అదే అయ్యుంటుంది. మేస్త్రీని పిలుద్దామని మీరు నెత్తీనోరూ కొట్టుకున్నారు. నేను వింటేగా."

"మేస్త్రీ మీద ప్రేమతో అన్న మాట కాదమ్మా అది."

"మరి?"

"ఏదో అన్నాను."

"నా పని మీద నమ్మకం లేక అన్నారు. మీరనుకున్నట్టే అయింది. ఈ గచ్చొకటి సరిచేసి, ఆ తర్వాత మేకు కూడా ముట్టుకోను. మీ డ్రిల్లు తుడిచి మీ పెట్టెలో పెట్టేశాను. ఉలులు, రంపం కూడా."

"పెట్టెలో ఎందుకు?"

"మీవి కదా."

"నావే. నేనేం చేసుకుంటాను వాటితో?"

"మేడ మీద డాక్టరమ్మగారికి కూడా చెప్పేస్తాను. వంటగది అలమారాలు వేరే ఎవరితోనైనా చేయించుకోమని."

"అదేంటి? నీ చేతే చేయిస్తానని పట్టుబట్టిందిగా ఆవిడ? కొలతలు తీసుకున్నావు, చెక్క ఎంచావు. బయటివాళ్ళకి నువ్వు చేసే మొదటి పని."

"ఇంట్లో మామగారి కాలు విరగ్గొట్టినదాన్ని, ఇంకొకరింట్లో అలమారా ఎలా బిగించను? రేపు అది ఎవరి నెత్తిన పడుతుందో. ఫోను మీ వెనక కిటికీలో పెట్టాను, ఇలా ఇవ్వండి."

"ఇప్పుడే చెయ్యాలా?"

"నాన్చితే మళ్ళీ మనసు మారుతుంది."

"మారనీ."

"ఇవ్వండి మామయ్యా."

"ఇవ్వను."

"ఇదేంటి చిన్నపిల్లాడిలా! చేతులు చూడండి, ఎలా వణుకుతున్నాయో. మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నాను. ఇలా రా. ఆ బకెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చో. ఈ ఇంట్లో తలుపు గొళ్ళెం నుంచి పాప పుస్తకాల బల్ల దాకా నా చేత్తో బిగించనిది లేదు. తెలుసుగా?"

"తెలుసు. నాకు డ్రిల్లు పట్టుకోవడం నేర్పింది మీరేగా."

"నేర్పాను. పెళ్ళైన కొత్తలో నువ్వొచ్చి నేర్పమని అడిగితే ఎంత సంబరపడ్డానో. మా వాడికి మేకు కొట్టడం రాదు, మా కోడలికి వచ్చని ఆఫీసంతా చెప్పుకున్నాను. తర్వాత ఈ చేతులు మొదలుపెట్టాయి, వణకడం. నువ్వు బాత్‌రూము పని మొదలుపెట్టిన రోజు నేను డ్రిల్లు పట్టుకుని వచ్చాను. గుర్తుందా?"

"లేదు."

"నీకెందుకుంటుంది! నా చేతిలోంచి తీసేసుకుని, 'మీరు కూర్చోండి మామయ్యా, నేను చూసుకుంటాను' అన్నావు."

"మీ చెయ్యి వణుకుతుంటే, ఎక్కడ దెబ్బ తగులుతుందోనని..."

"మంచికే అన్నావు. కూర్చున్నాను. గచ్చు అయిపోయింది. వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. నా కొడుకు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించాడు. 'చూడు నాన్నా, ఎంత శుభ్రంగా చేసిందో, నీ పనికన్నా బాగుంది' అని. నా ఇంట్లో, నాకు!"

"ఆయన ఏదో సరదాకి అనుంటారు."

"సరదాకే. గోళీ కూడా నేను సరదాకే వదిలాననుకున్నావుగా? ఒక్కసారైనా పక్కకి పోకపోతుందా అని వదిలాను."

"మామయ్యా, ఇప్పుడెందుకివన్నీ?"

"పోలేదమ్మా. వాలులో ఏ తప్పూ లేదు. అందుకని నేనే ఒకటి పెట్టాను. జాలీ ఎత్తి, లోపల పాత బనీను కుక్కి, కుళాయి తిప్పాను."

"ఏమన్నారు?"

"సాయంత్రం వాడొచ్చి కాళ్ళు కడుక్కుంటాడు కదా, నీళ్ళు పోవట్లేదేంటని అంటాడు కదా, అప్పుడు నేను 'ముందే చెప్పానా' అందామని. అంతవరకే. ఎవరైనా పడతారన్న ఊహే రాలేదు. బయట పాప చెప్పుల చప్పుడు వినిపించాక వచ్చింది."

"పాప..."

"బడి నుంచి రాగానే తిన్నగా బాత్‌రూముకే పరిగెడుతుంది కదా. అది వచ్చేలోపు తీసేద్దామని గబగబా వెళ్ళాను. వంగి బనీను లాగాను. లాగుతూనే పడ్డాను."

"నాకు బనీనేం కనిపించలేదే."

"నువ్వు వచ్చేలోపు బట్టల బకెట్లోకి విసిరేశాను. తర్వాత నువ్వే ఉతికి ఆరేశావు."

"మామయ్యా."

"ఊఁ."

"ఇన్ని రోజులుగా ఈ గచ్చు పగలగొడుతున్నాను. చేతులు చూడండి, బొబ్బలు."

"చూస్తూనే ఉన్నాను."

"బాగున్న గచ్చు!"

"బాగున్న గచ్చే."

"ఒక్కసారి... ఒక్కసారైనా, ఆపమ్మా, నీ తప్పేం లేదని అనడానికి నోరు రాలేదా?"

"అనడానికే రోజూ చంకకర్రల మీద కుంటుకుంటూ ఇక్కడిదాకా వచ్చేవాణ్ణి. వచ్చి కూర్చున్నాక, తప్పంతా నాదే నాదే అని నువ్వంటూ ఉంటే... ఏం దాచను తల్లీ, వినబుద్ధయ్యేది."