కూర్చోమనలేదు

హలో… ఆ, నేనేనమ్మా. ఆస్పత్రి నుంచే.

డ్యూటీలోనే ఉన్నా. దుప్పట్లు పెట్టే గదిలోకొచ్చి తలుపేసుకున్నా… ఏం లేదు, వార్డులో గోల. మాట వినపడదని.

తింటాలే… తింటానన్నాగా.

నువ్వేం చేస్తున్నావు?… ఒక్కదానివే ఉన్నావా?

… అంత ఆలోచించావేం దానికి? అవునో కాదో చెప్పడానికి అంతసేపా?

మరి ఆ నవ్వు ఎవరిది?… టీవీయా. సరే, ఓసారి టీవీ కట్టెయ్… కట్టేశావా? మరి ఇంకా నవ్వుతోందే నీ టీవీ!

అమ్మా. నా కూతురు నీ దగ్గరుందా, లేదా?

…

ఒట్లు పెట్టకు. ఈ వయసులో నీకు అబద్ధాలెందుకు?… ఎవరు చెబితేనేం.

సరే, విను. మా వార్డులో ఒక పెద్దాయన చేరాడు. ఆయన కూతురిదీ దీని ఆఫీసేనట. నన్ను గుర్తుపట్టి పలకరించింది. "ఆంటీ, తనకిప్పుడెలా ఉంది? ఉద్యోగం మానేశాక మళ్ళీ కనపడనేలేదు" అంది. అప్పుడు ఆ పెద్దాయన చేతికి బీపీ పట్టీ చుట్టి గాలి కొడుతున్నా. కొడుతూనే ఉన్నా. "అమ్మా, చెయ్యి పోతోంది" అని ఆయన మొత్తుకుంటే గానీ తెలివి రాలేదు నాకు.

… రెండు నెలలా! నేనింకా మొన్నటి సంగతి అనుకుంటున్నా. అంటే రెండు నెలల నుంచీ పొద్దున్నే మెళ్ళో ఆ ఆఫీసు కార్డు తగిలించుకుని, "వెళ్ళొస్తానమ్మా, లేటవుతోంది" అంటూ పరిగెత్తేది… నీ దగ్గరికా?

మరి నేను కట్టిచ్చే అన్నం డబ్బా?… అక్కడే తింటోందా? నీకూ పెడుతోందా?… ఉప్పు తక్కువగా ఉంటోందా! బాగుంది. మీ ఇద్దరికీ ఉప్పు సరిచూసి మరీ పంపాలి కాబోలు నేను!

నవ్వకు. నేను నవ్వట్లేదు.

సాయంత్రం వచ్చి కుర్చీలో కూలబడుతుందమ్మా. "అలిసిపోయా" అంటుంది. రోజంతా నిలబడి వచ్చి కూడా దాని కాళ్ళు నొక్కుతున్నా నేను. నా కాళ్ళు ఎవరు నొక్కారే?

… పిచ్చుకా లేదు, గిచ్చుకా లేదు. ముద్దుపేర్లు తర్వాత. ఎందుకు మానేసిందో చెప్పు.

… నిద్ర పట్టట్లేదా. ఊ… చేతులు వణకడమా? ఎప్పట్నుంచి?… ఊ. స్నానాలగదిలో ఉన్నా ఫోన్లు… అందరి ముందూ నిలబెట్టి అరిచేవాడా ఆ మేనేజరు? ఊ.

మరి మాకు లేవా ఇవన్నీ? మేమేం పూలపాన్పుల మీద చేశామా?

"కాలం వేరు" అనకు. ఎవరన్నా పడతా. నువ్వు మాత్రం అనకు.

ఎందుకా? నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పెద్ద డాక్టరు నా మీదికి ట్రే విసిరికొట్టాడు, మర్చిపోయావా? తెల్ల చీర మీద ఆ మరకలతోనే బస్సెక్కి నీ దగ్గరికొచ్చాను. గుమ్మంలోనే నిలబెట్టావు. గ్లాసుతో మంచినీళ్ళిచ్చావు. తాగేదాకా చూశావు. కూర్చోమనలేదు. "ఉద్యోగం వదిలేస్తే మళ్ళీ ఈ గడప తొక్కకు" అన్నావు. వచ్చిన బస్సే తిరిగి వెళుతుంటే పరిగెత్తి ఎక్కాను.

… గుర్తుందిగా.

దాని మీద నీతో ఒక్కనాడూ గొడవ పడలేదు నేను. పైగా గొప్పగా చెప్పుకున్నా. కొత్తగా చేరిన ప్రతి నర్సుకీ చెప్పా, మా అమ్మ ఇనప ముక్క అని. ఆవిడ ఆ రోజు లోపలికి రానిస్తే నేను మనిషినయ్యేదాన్ని కాదని. నా కూతురికైతే ఎన్నిసార్లు చెప్పానో. ఏం ఇనుమమ్మా నువ్వు! మనవరాలు వచ్చేసరికి వెన్నముద్దయిపోయావు!

మధ్యాహ్నం పడుకుంటుందా?… నీ మంచం మీదా. మరి నువ్వు?… కిందా. ఆ మోకాళ్ళతో!

… ఏంటి? వినపడట్లేదు, గట్టిగా చెప్పు.

… అవును, తెలుసు. దువ్వెన కొనుక్కోవాలన్నా నువ్వు నాన్నని అడగాలి. చూశాగా… ఏం చూడలేదు నేను?

… ఎప్పుడు?… నన్ను చంకనేసుకునా?… ఆ. నాన్నని వదిలేసి, మీ పుట్టింటికి.

…

అన్నం పెట్టి… పెట్టి, మళ్ళీ నాన్న దగ్గరికే పంపేశారా. తాతయ్యే తీసుకొచ్చి దింపాడా. నేను ఆయన ఒళ్ళో కూర్చుని కబుర్లు చెప్పించుకునేదాన్నే…

అంటే, నాకైతే తిరిగి వెళ్ళడానికి ఉద్యోగమని నాదంటూ ఒక చోటుందని… అందుకే పంపానంటావు. ఊ.

అర్థమవుతోంది. అర్థం కాక కాదు. ఇన్నేళ్ళూ ఒక్క మాట చెప్పలేదేం నాకు?… దానికి? దానికి తెలుసా ఇది?

…

దానికి తెలుసు.

లేదు, లేదు, నువ్వాగు. ఉద్యోగం పోతే పోయింది. ఇంకోటొస్తుంది. నీ కడుపున పుట్టింది నేనమ్మా. నేనడక్కపోతే నాకు చెప్పవు. అది నీ మంచమెక్కి పడుకునేసరికి అన్నీ చెప్పేస్తావు. ఇద్దరూ కలిసి నన్ను పరాయిదాన్ని చేశారు కదే.

… ఆ రోజు కిటికీలోంచి చూశావా? బస్సు మలుపు తిరిగేదాకానా?… నేనూ వెనక్కి చూశానమ్మా. తలుపు వేసుంది. కిటికీ వైపు చూడాలని నాకెవరు చెప్పారు?

… అనకు. ఆ మాట మాత్రం అనకు. తప్పు చేశానని ఇప్పుడంటే నేనెక్కడికి పోను? ఏడుపొచ్చినప్పుడల్లా ఈ గదిలోనే, ఈ దుప్పట్ల మధ్యే నిలబడి, మా అమ్మ పంపిందంటే మంచికే పంపి ఉంటుంది అనుకుని కళ్ళు తుడుచుకుని బయటికెళ్ళా. ఒప్పే చేశానను. అబద్ధమైనా సరే, అను.

… అమ్మా?

ఏడవకు. కొంగు తీసుకుని ముక్కు తుడుచుకో. ఫోను దానికివ్వు.

… ఆ. అమ్మనే.

సారీలొద్దు. ఒక్కటి చెప్పు. నాకెందుకు చెప్పలేదు?

…

… బస్సు కథ చెబుతాననా.

లేదు, కోపం రాలేదు… వచ్చింది. రాదా మరి? ఊళ్ళో వాళ్ళ చేతులు వణికితే ముందు పట్టుకునేది నేను. నా పిల్లేమో తన చేతులు నాకు కనపడకుండా దాచుకుంది.

డాక్టరుకి చూపించావా?… అమ్మమ్మ తీసుకెళ్ళిందా. ఏ ఆస్పత్రి?… అంత దూరమా? రెండు బస్సులు మారాలే… ఓహో. ఇక్కడైతే నేను చూస్తానని. బాగానే ఆలోచించారు.

మందులు వాడుతున్నావా?… పరగడుపున వేసుకోకు. తిన్నాకే.

ఇవాళ ఇంటికి రాకు… కోపంతో కాదు. కోపమే అనుకో. వస్తే ఏమంటానో నాకే తెలీదు. మళ్ళీ ఆ కథే మొదలెడతానేమో. నాకు వచ్చిందదొక్కటే. అక్కడే పడుకో. అమ్మమ్మని మంచం ఎక్కించి నువ్వు కింద పడుకో, కుర్రదానివి. రేపు నాకు సెలవు, నేనే వస్తా.

… తిట్టడానికో, మాట్లాడటానికో ఇప్పుడెలా చెప్పను? వస్తా. అంతే.

— వస్తున్నా సిస్టర్, ఒక్క నిమిషం!

పిలుస్తున్నారు. పెట్టెయ్… నేను కాదు, నువ్వే పెట్టెయ్. నాకు చేత కావట్లేదు…

ఇంకా ఉన్నావేం? రెండు నెలలు దాచిపెట్టడానికి రాని మొహమాటం, ఫోన్ పెట్టడానికొచ్చిందా?

…

పెట్టేసింది.